పిన్ని చేతిగడియారం

మా వీధిలో ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. విశ్వవిద్యాలయం పరీక్ష హాలు తలుపు దగ్గర పనిచేసే గొళ్ళెం పిన్ని, ఇస్త్రీ ఆయన కూతురి మీద కక్ష తీర్చుకోవడానికి తన చేతిగడియారాన్ని ముందుకు తిప్పిపెట్టుకుని, వేళ కాకుండానే తలుపు వేసేసిందట. ఆ పిల్ల అద్దం మీద అరచేతులతో కొడుతూ ఏడుస్తుంటే లోపల నిలబడి తల అడ్డంగా ఊపిందట. ఏడాది చదువూ బూడిదలో పోసిన పన్నీరైందట. మూల మీది టీ కొట్టాయన ఈ కథకి తన వంతుగా ఒక ముక్క చేర్చాడు. మనుషులు కక్ష కట్టడం చూశాను గానీ గడియారం చేత కూడా కక్ష కట్టించిన ఘనత ఈవిడదే అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు నేను అక్కడే పాల గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు నలుగురిలో నోరు పెగలదు.

గొళ్ళెం అనేది విద్యార్థులు పెట్టిన పేరు. ఆవిడ మా అమ్మకి చెల్లెలు. అమ్మ మంచాన పడ్డప్పుడు నేను బడి మానేశాను. అమ్మ పోయాక పిన్ని నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. పరీక్షల రోజుల్లో హాల్లో మంచినీళ్ళు అందించే పని కూడా తనే ఇప్పించింది. రాసేవాళ్ళ మధ్య చప్పుడు కాకుండా నడవాలి, చెయ్యి ఎత్తినవాళ్ళకి గ్లాసు ఇవ్వాలి, ఖాళీగా ఉన్నప్పుడు అదనపు కాగితాలు కట్టుకునే తెల్ల దారాలు కత్తిరించి పెట్టాలి. నేను ఎప్పటికీ రాయని పరీక్షలు అవి. అయినా ఎవరికి పేపరు వచ్చిందో, ఎవరికి రాలేదో వాళ్ళ చెవుల రంగు చూసి చెప్పగలిగేదాన్ని.

పిన్ని పని తలుపు. తలుపు పక్కన నిబంధనల బోర్డు ఉండేది. అరగంట దాటి వచ్చినవాళ్ళని రానివ్వరు, అరగంట కాకుండా ఎవరినీ బయటికి పోనివ్వరు. ఈ రెండూ పెద్ద అక్షరాల్లో ఉండేవి. వాటి కింద చిన్న అక్షరాల్లో మూడోది ఉండేది. ఏ కారణం చేతనైనా ఒకరు పరీక్ష వదిలి బయటికి వెళ్ళిపోతే, ఆ తరవాత ఇంకెవరినీ లోపలికి రానివ్వకూడదు. పేపరు చూసినవాడు మెట్ల మీద ఎదురైతే, రాబోయేవాడికి ప్రశ్నలు ముందే తెలిసిపోతాయి కదా. అందుకని. ఆ మూడో వరస విద్యార్థులు ఎవరూ చదవరు. వాళ్ళకి పెద్ద అక్షరాలు చదవడానికే తీరిక ఉండదు.

పేరు గొళ్ళెమే గానీ పిన్ని గొళ్ళెం వేసే తీరు నాకు తెలుసు. గోడ గడియారంలో అరగంట అయ్యాక కూడా గడప అవతల ఒక కాలు పెట్టి వరండా చివరిదాకా ఒకసారి చూసేది. ఎవరైనా పరుగున వస్తుంటే ఆ కాలు వెనక్కి తీసేది కాదు. వాళ్ళు లోపలికి వచ్చాక, "ముందు ఊపిరి తీసుకో బాబూ, పేపరు ఎక్కడికీ పారిపోదు" అనేది.

ఆ రోజు ఉదయం పరీక్ష మొదలైన కాసేపటికే వెనక వరసలో ఒక అబ్బాయి చెయ్యి ఎత్తాడు. నేను నీళ్ళు తీసుకెళ్ళాను. నీళ్ళు కాదని తల ఊపి, బాత్‌రూమ్‌కి వెళ్ళాలని కాపలా ఉన్న సారుని అడిగాడు. సారు పిన్నికి సైగ చేశారు. తోడు వెళ్ళి తిరిగి తీసుకురావడం కూడా తలుపు దగ్గరున్నవాళ్ళ పనే. వాడి కాగితాలన్నీ బల్ల మీదే ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా రాయలేదు.

నేను వరండాలో కుండ నింపుకుంటున్నాను. వాడు బాత్‌రూమ్ వైపు తిరగలేదు. పిన్ని ముందు ఆగి చాలా మెల్లగా అన్నాడు.

"అమ్మా, మా నాన్న పొద్దున పోయారు. ఇంట్లోనే ఉన్నారు. అందరూ నా కోసం చూస్తున్నారు."

మరి ఎందుకొచ్చావు నాయనా అని పిన్ని అడిగింది. వచ్చి సంతకం పెడితే హాజరైనట్టే లెక్క, మళ్ళీ రాయనిస్తారు, రాకపోతే ఏడాది పోయినట్టే అని ఎవరో స్నేహితుడు చెప్పాడట. సంతకం పెట్టాను, ఇక పోనివ్వమన్నాడు. అరగంట దాకా ఆగలేనన్నాడు. వాడి చొక్కా బొత్తాలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో ఉన్నాయి. పిన్ని వాటిని సరిచేసి, వీపు మీద చెయ్యి వేసి మెట్ల వైపు పంపించింది. తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడింది. సారు పేపర్ల కట్టలు చూసుకుంటున్నారు. వాడు రాలేదన్న సంగతి ఆయన గమనించలేదు. అరగంట తరవాత ఆ ఖాళీ కాగితాలు చూసి, ఇచ్చేసి వెళ్ళిపోయాడనుకుని తీసిపెట్టుకున్నారు.

వాడు మెట్లు దిగాడో లేదో ఇస్త్రీ ఆయన కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. బస్సు దారిలో చెడిపోయిందట. పిన్ని ఆ పిల్లని చూసింది, మెట్ల వైపు చూసింది. ఇద్దరూ మెట్ల మీద ఎదురయ్యే ఉంటారు. పిన్ని తలుపు మూసి గొళ్ళెం వేసింది.

ఆ పిల్ల అద్దంలోంచి గోడ గడియారం చూపించింది. అరగంట కాలేదు, ఇంకా టైముంది. పిన్ని తల అడ్డంగా ఊపింది. పిల్ల చేతులు అద్దం మీద ఎర్రగా కనిపించాయి. తరవాత అవి లేవు. అద్దం మీద చెమట మరకలు మాత్రం మిగిలాయి. పిన్ని వాటిని తుడవలేదు. నేను తుడవబోతే వద్దంది.

ఆ పిల్ల చదువు మా వీధిలో అందరి కళ్ళ ముందే సాగింది. వాళ్ళ నాన్న ఇస్త్రీ బల్లకి ఒక చివర బట్టలు, ఇంకో చివర ఆ పిల్ల పుస్తకాలు. ఏడాది పొడుగునా ఇంటి దగ్గర రాసి ఇవ్వాల్సిన అసైన్‌మెంట్లన్నీ ఆ వేడిలోనే రాసింది. వాటిలో మంచి మార్కులు వచ్చాయని ఇస్త్రీ ఆయన బట్టలు ఇచ్చేటప్పుడల్లా చెప్పేవాడు. కానీ చివరి పరీక్షకి రాకపోతే ఆ మార్కులు కూడా లెక్కలోకి రావు. మళ్ళీ మొదటినుంచి చదవాలి. ఇంకో ఏడాది చదివించే ఓపిక ఆ ఇంట్లో లేదని, సంబంధాలు చూస్తున్నారని రెండు రోజులకే తెలిసింది.

కక్ష మాటకి కూడా ఒక మొదలు ఉంది. అంతకు ముందు ఒకసారి పిన్ని డ్యూటీ కోటు చెయ్యి ఇస్త్రీలో మాడింది. అడగడానికి వెళితే ఇస్త్రీ ఆయన భార్య అందరి ముందూ, "తలుపు తీసి వేసేదానికి ఇస్త్రీ కోటు ఎందుకమ్మా, కలెక్టరు కుర్చీలో కూర్చుంటావా" అంది. పిన్ని మారు మాట్లాడకుండా వచ్చేసింది. అప్పటినుంచి కోటు ఇంట్లోనే చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసుకునేది. ఈ సంగతి వీధికి తెలుసు. ఇక కథ అల్లడానికి ఎంతసేపు.

పిన్ని మాత్రం ఆ టీ కొట్టు ముందు నుంచి నడవడం మానేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు గడియారం మాట ఎత్తినా పక్కకి తిరిగేది. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేది. ఒక సాయంత్రం నేను ధైర్యం చేసి అడిగాను. ఆ అబ్బాయి సంగతి చెప్పేస్తే సరిపోతుంది కదా, తలుపు ఎందుకు మూశావో అందరికీ తెలుస్తుంది కదా అన్నాను.

పిన్ని పొయ్యి వైపు చూస్తూ చెప్పింది. "చెబితే ఏమవుతుందే? అరగంట కాకుండా పేపరు చూసి బయటికి పోయాడని వాడి మీద కేసు రాస్తారు. తండ్రికి కొరివి పెట్టి వచ్చిన పిల్లాణ్ణి మళ్ళీ నిలబెట్టి అడుగుతారు. ఆ పిల్లకేమో, తలుపు రూలు ప్రకారమే మూశారు, నీ ఖర్మ అంటారు. ఇద్దరూ పోతారు."

పొయ్యిలో పుల్ల ఎగదోసి మళ్ళీ అంది.

"లోపలికి రానిచ్చినా ఎవరికీ తెలిసేది కాదమ్మడూ. సారు అటు తిరిగి ఉన్నారు. ఒక తప్పు చేశాక రెండోది చెయ్యడానికి చేతులు రాలేదు. భయం. అంతే అయితే బాగుండు. ఆ పిల్ల మొహం చూడగానే వాళ్ళమ్మ అన్న కోటు మాట నా మనసులోకి రాలేదని ఒట్టేసి చెప్పలేను."

ఆ మాట ఆవిడ తప్ప ఎవరూ తేల్చలేరు. ఆవిడకీ తేలడం లేదు.

ఆ తరవాత పరీక్షల ఆఫీసులో గుమాస్తా ఒకాయన టీ తాగుతూ మాటల మధ్యలో పిన్నితో ఇంకొకటి చెప్పాడు. ఇంట్లో దగ్గరివాళ్ళు పోతే పరీక్షకి రానక్కర్లేదట. వారంలోగా ఒక కాగితం తెచ్చిస్తే చాలు, గైర్హాజరు లెక్కలో వేయరట, మళ్ళీ రాయనిస్తారట. అది కూడా బోర్డు మీద ఉందట. పిన్ని చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. అంటే ఆ అబ్బాయి ఆ పొద్దున రావాల్సిన పనే లేదు. వాడు రాకపోతే తలుపు తెరిచే ఉండేది. ఎవరిని తిట్టాలో తెలియక పిన్ని తనని తనే తిట్టుకుంది. ఇన్నేళ్ళు ఆ బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాను గానీ మొహం పెట్టి చదవలేదే అంది.

ఇస్త్రీ ఆయన కూతురు ఫిర్యాదు ఇచ్చింది. విచారణ పెట్టారు. ముందు రోజు పిన్ని ఆ గుమాస్తానే పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఏ తప్పయితే పిల్లకి మళ్ళీ పరీక్ష పెడతారు అని. హాలు వాళ్ళ పొరపాటైతే పెడతారమ్మా, పిల్ల పొరపాటైతే పెట్టరు అన్నాడు ఆయన. పిన్ని ఆ రాత్రి కోటు ఉతికి ఆరేసింది.

విచారణ గదిలో నీళ్ళు పెట్టడానికి నన్నే పిలిచారు. పొడుగాటి బల్లకి ఒక వైపు ముగ్గురు పెద్దలు. ఇంకో వైపు ఇస్త్రీ ఆయన, ఆయన కూతురు. పిన్ని విడిగా ఒక కుర్చీలో. ఇస్త్రీ ఆయన కొత్త చొక్కాకి కూడా మడతలున్నాయి. తన బట్టలు ఇస్త్రీ చేసుకునే తీరిక లేకపోయినట్టుంది. పిల్ల తడబడకుండా చెప్పింది. తను వచ్చేసరికి గోడ గడియారంలో అరగంట కాలేదని, అద్దంలోంచి చూశానని. హాల్లో కాపలా ఉన్న సారు తనకేమీ గుర్తులేదని రాసి పంపారు.

పెద్దాయన పిన్ని వైపు తిరిగారు. "టైముండగానే తలుపు ఎందుకు వేశావమ్మా?"

"నా చేతిగడియారం ముందుందండీ. దాన్ని చూసి వేశాను. గోడది చూసుకోలేదు."

ఇస్త్రీ ఆయన తల ఎత్తి పిన్నిని చూశాడు. వీధిలో అందరూ అంటున్నది నిజమేనా అనే సందేహం ఆయనకీ అంతవరకూ ఉందనుకుంటాను. ఆ చూపులో అది ఆరిపోయింది.

"వాళ్ళకీ నీకూ ఏదో గొడవ ఉందంటున్నారు. కావాలనే వేశావా?"

నేను గ్లాసు ఆవిడ ముందు పెట్టి వెనక్కి జరిగాను. "గొడవైతే ఉందండీ," అంది పిన్ని. "నా తప్పే. పిల్ల తప్పేం లేదు. దానికి పరీక్ష పెట్టండి."

పెట్టారు. ఆ నెలలోనే ఒక చిన్న గదిలో ఆ పిల్ల ఒక్కత్తే కూర్చుని రాసింది. ఆ గదికి నీళ్ళు నేనే తీసుకెళ్ళాను. చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి. పాసయింది. ఆ అబ్బాయి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. వాడు మిగిలినవాళ్ళతో కలిసి తప్పిన పేపరు మళ్ళీ రాశాడు. తన వెనకాల ఇదంతా జరిగిందని వాడికి తెలియదు. పిన్నిని తలుపు దగ్గరనుంచి తీసేసి, పాత జవాబు పత్రాలు కట్టలు కట్టే గిడ్డంగిలో వేశారు. అక్కడ కిటికీ కూడా లేదు. తలుపుకి కొత్తగా వచ్చినావిడ గడప అవతల కాలు పెట్టదు.

వీధికి మాత్రం ఇక సందేహం లేకుండా పోయింది. తన నోటితో తనే ఒప్పుకుంది కదా అన్నారు. ఒకరోజు ఇస్త్రీ ఆయన భార్య నన్ను ఆపి, "మీ పిన్నికి చెప్పవే, ఆడపిల్ల ఉసురు ఊరికే పోదని" అంది. నేను ఇంటికి వచ్చి చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి చెప్పాను. పిన్ని దారం కట్ట చుట్టుకుంటూ, నిజమే కదే అంది. కోపంగా అనలేదు. రోజూ తనకి తను చెప్పుకునే మాటని ఇంకొకరి నోట విన్నట్టు అంది.

ఆ రోజు విచారణలో పిన్ని కోటు చేతులు మణికట్టు దాటి కిందికి ఉన్నాయి. కుడి చేతి అంచున మాడిన మరక ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. ఆ గడియారం ఏదీ, చూపించు అని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. మా వీధిలోనూ ఎవరూ అడగలేదు.

మా పిన్నికి చేతిగడియారం లేదు. ఎప్పుడూ లేదు.