కొత్తవాడి గీత

ఇంజను మండుతుంటే, రెక్క ఊగిపోతుంటే, మబ్బును చీల్చుకుని మద్రాసులో విమానాన్ని ఈకలా దించాను. ఆత్మకూరు బస్టాండు టీబంకు దగ్గర ఇప్పటికీ ఇలాగే చెబుతుంటాను. నిజానికి ఇంజను మండలేదు. రెక్క ఊగలేదు. అసలు ఆ రోజు నేను మద్రాసులో దిగనేలేదు.

తొంభైల నాటి సంగతి. నలభై దాటాక ఒక చిన్న చార్టర్ కంపెనీలో కెప్టెనయ్యాను. ఆ రకం విమానం నాకు కొత్త. కెప్టెనుగా దానిమీద వంద గంటలు నిండనివాడికి ఒక కట్టుబాటు ఉండేది. మబ్బులో పరికరాలను నమ్ముకుని దిగేటప్పుడు, చార్టు మీద అచ్చయిన ఎత్తు దాకా వాడు రాకూడదు. దానికి వంద అడుగులు పైనుండగానే రన్‌వే దీపాలు కనబడాలి. లేదంటే మళ్ళీ పైకి లేవాల్సిందే.

ఈ లెక్క నాకు చిన్నప్పుడే తెలుసు. మా నాయన ఆత్మకూరు, ఉదయగిరి మధ్య బస్సు నడిపేవాడు. దారిలో వాగు మీది చప్టా పక్కన ఒక రాతికి సున్నంతో రెండు గీతలు గీశాడు. నీళ్ళు పై గీతను తాకితే ఏ బస్సూ దాటకూడదు. జానెడు కింద ఉన్నది కొత్త డ్రైవర్ల గీత. ఒక వానాకాలం, నేనూ అక్కా ఎక్కిన బస్సును కొత్తాయన నీళ్ళు ఆ కింది గీతను తాకడం చూసి ఆపేశాడు.

"ఏంది సామీ, గొర్రెలు దాటతా ఉండాయి, నీకేం భయం?" అని జనం ఎగతాళి చేశారు. మేమూ నవ్వాం. అవతలి నుంచి మా నాయన బస్సు నీళ్ళు చిమ్ముకుంటూ దాటి వచ్చేసింది. కొత్తాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎటూ చూడకుండా కూర్చున్నాడు.

మద్రాసు మబ్బులో నాకు ఆ మనిషే గుర్తొచ్చాడు. మర్నాడు పొద్దున నెల్లూరు ఆసుపత్రిలో అక్క కడుపులోని గడ్డకు ఆపరేషన్. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. "నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటేనే లోపలికి పోతాన్రా. మళ్ళీ లేస్తానో లేదో" అని ఫోనులో అంది. మద్రాసులో దిగితే చాలు, రాత్రికల్లా ఆమె దగ్గరుంటాను.

నా ఎత్తుకు వచ్చేసరికి అద్దం ముందు అంతా తెలుపే. పక్క సీటులోని గుంటూరు కోపైలట్ ఆ విమానానికి నాకన్నా పాతకాపు. "ఇంకొంచెం దిగితే కనపడుద్ది సార్. చార్టు ఒప్పుకుంటంది గదా" అన్నాడు.

చార్టు ఒప్పుకుంటుంది. నాకు కాదు. థ్రాటిల్ ముందుకు తోశాను. పైకి లేస్తుండగా అతను కిందికి చూసి, "అయ్యో, దీపాలు" అన్నాడు.

దారి మళ్ళించి బెంగుళూరులో దిగేదాకా అతను గానీ, వెనక కూర్చున్నవాళ్ళు గానీ నాతో మాట్లాడలేదు. అక్కడ విమానం అప్పగించి, బస్సు పట్టుకుని నెల్లూరు చేరేసరికి అక్కను లోపలికి తీసుకుపోయారు. వరండాలో నా తెల్లచొక్కా, భుజాల మీది బంగారు పట్టీలు చూసి ఒక అవ్వ అడిగింది: "బ్యాండుమేళమా నాయనా? ఈడెవురికి పెళ్ళి?"

ముహూర్తం ఇంకా కాలేదన్నాను. ఆ పూట నాతో మాట్లాడింది ఆమె ఒక్కతే.

అక్క కళ్ళు తెరిచాక మొదలుపెట్టాను. "రెక్కకు మంటలంటుకున్నాయక్కా..."

"నిజం చెప్పరా."

చెప్పాను. 

"లోపలికి పోయేటప్పుడు తలుపు దిక్కే చూస్తా పోయినాను. శానా కోపమొచ్చినాది" అంది. మళ్ళీ తనే అడిగింది: "నీళ్ళు కొత్తవాడి గీత తాకినాయా?"

"తాకినాయి."

"అయితే ఆపాల్సిందే. ఆ పొద్దు ఆయన్ని చూసి మనం నవ్వకుండా ఉండాల్సింది."

అక్క పోయి చాలా ఏళ్ళయింది. నేను టీబంకు దగ్గర ఇంజనుకు మంటపెడితే జనం "అబ్బో" అంటారు, గ్లాసు కింద పెట్టి కలిగిరి బస్సెక్కి పోతారు. ఒక్కోరోజు రెండో ఇంజనుకు కూడా మంటపెట్టి చూస్తాను, నిజం చెప్పమని ఎవరైనా అడుగుతారేమోనని.