ఆ పాదం లాఠీ దెబ్బకు పోలేదు

మా మాణికేశ్వర్ నగర్‌లో ఎవరినడిగినా మా బామ్మర్ది పాదం తెలంగాణ ఉద్యమంలో, పోలీసు లాఠీ దెబ్బకు పోయిందనే చెబుతారు. చెప్పేవాళ్లకు అతనంటే గౌరవమే. అయినా అది అబద్ధం. ఆ అబద్ధం ఎవరికి పనికొచ్చిందో నాకు తెలుసు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

బడిలో నేను చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా విద్యానగర్ లైబ్రరీలో. పగలంతా రాడ్లు వంచి, సాయంత్రం చేతుల తుప్పు కడుక్కుని పోయి కూర్చునేవాణ్ని. భవన కార్మికుల చట్టాల పుస్తకాన్ని కథల పుస్తకంలా చదివాను. బరువులెత్తే యంత్రాన్ని నేర్చుకున్నవాడే నడపాలని, వేలాడే బరువును చేత్తో పట్టుకోకుండా తాడు కట్టి దూరం నుంచి అదుపు చేయాలని నాకు అక్కడే తెలిసింది. సైటులో సూపర్‌వైజర్ పొద్దున్నే నవ్వేవాడు. "ఏంది లాయర్ సాబ్, ఇయ్యాల ఏం కానూన్ చదివొచ్చినవ్?"

ఉద్యమం రోజుల్లో, మా బస్తీ పక్కనున్న యూనివర్సిటీలో ఒక హాస్టల్ కడుతున్నాం. రాడ్ల కట్టలను హైడ్రా మోసుకొచ్చేది. ముందుకు చాచిన ఇనుప చేతికి బరువు వేలాడదీసుకుని నడిచే క్రేన్ అది. దాని ముందు ఒక మనిషి, కట్ట ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని నడవాలి. నేను పనిచేసిన సైట్లన్నిటా ఇదే పద్ధతి. తాడు దొరక్క కాదు, మనిషి ఉండగా తాడెందుకని. మా సైటులో ఆ మనిషి మా బామ్మర్ది.

ఆ రోజు బంద్. హైడ్రా ఆపరేటర్ ఉప్పల్ అవతలి నుంచి రాలేకపోయాడు. స్లాబు పని ఆగొద్దని సూపర్‌వైజర్ నీళ్ల ట్యాంకర్ తోలే ట్రాక్టర్ డ్రైవర్‌ను అందులో ఎక్కించాడు. ఆయన తనకు రాదని రెండుసార్లు చెప్పాడు. ట్రాక్టర్ తోలేవాడికి ఇదో లెక్కా అన్నాడు సూపర్‌వైజర్. కనీసం తాడైనా కట్టమని నేను అడిగితే, నా చట్టాన్ని లైబ్రరీలోనే పెట్టి రమ్మన్నాడు. రెండు కట్టలే కదా, కానియ్ బావా అన్నాడు మా బామ్మర్ది.

రెండో కట్ట వస్తుండగా గేటు దగ్గర పోలీసులు విద్యార్థుల మీద టియర్ గ్యాస్ వదిలారు. పొగ మా దాకా వచ్చింది. అందరి కళ్లూ మండాయి. నేర్చుకున్నవాడైతే బండి ఆపి, లీవర్లు వదిలేసి ఉండేవాడు. ఈయనకు ఏ లీవర్ దేనికో కళ్లు కనబడ్డప్పుడే తెలియదు. కట్ట ఒక్కసారిగా కిందికొచ్చింది. తాడు ఉంటే మనిషి దూరంగా ఉండేవాడు. చేతులు కట్టను పట్టుకుని ఉన్నాయి కాబట్టి మా బామ్మర్ది పాదం దాని కింద నలిగింది.

ఆసుపత్రిలో డాక్టర్ పాదం తీసేయాలన్నాడు. దెబ్బ ఎట్లా తగిలిందో పేషెంటే చెప్పాలి, ఇది పోలీసు కేసవుతుంది, మళ్లీ వస్తానని వెళ్లాడు. ఆ కాస్త సేపట్లో సూపర్‌వైజర్ మంచం పక్కకు చేరాడు. గేటు దగ్గర తొక్కిసలాటలో పడ్డానని చెప్పమన్నాడు. "క్రేన్ అంటివా, పని బంద్ అయితది. అందరి పొట్ట కొట్టినోడివైతవ్."

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే బాధ, ఇంకోవైపు నుంచి వచ్చింది. మమ్మల్ని ఆటో ఎక్కించిన విద్యార్థులిద్దరు, మంచి పిల్లలు, లాఠీ దెబ్బ అని చెబితే ఉద్యమమే అతన్ని చూసుకుంటుందన్నారు. గ్యాస్ వల్లే కదన్నా అన్నారు. గ్యాస్ వదిలింది పోలీసులే, కాదనను. కానీ నడపడం రానివాణ్ని ఎక్కించింది పోలీసులా? తాడు వద్దన్నది పోలీసులా?

మా బామ్మర్ది ప్రతి సాయంత్రం దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. రాష్ట్రం కోసం జైలుకైనా పోతాననేవాడు. లాఠీ దెబ్బ అని చెబితే పదిమందిలో పెద్దవాడవుతాడు. అతను నావైపు తిరిగి అన్నాడు.

"బావా, తెలంగాణ కోసం కాలు ఇచ్చిన అంటే మంచిగనే ఉంటది. కానీ నేను ఇయ్యలే కదా. వీళ్లు తీస్కున్నరు."

డాక్టర్ తిరిగి రాగానే హైడ్రా అని, తాడు లేదని, నడిపినాయనకు ఆ పని రాదని చెప్పాడు. సూపర్‌వైజర్ అక్కడే నిలబడి, తాగి పనికొచ్చాడు సార్ అన్నాడు. మా ఇద్దరికీ ఆ సైటులో మళ్లీ పని లేదు. హాస్టల్ పూర్తయింది. రిబ్బన్ కూడా కత్తిరించారు. తర్వాత నేను చేరిన ఇంకో సైటులో శిక్షణ అన్నారు. షామియానా కింద కూర్చోబెట్టి, హెల్మెట్లు తొడిగి, ఫొటో తీసి, హెల్మెట్లు వెనక్కి తీసుకున్నారు. నేర్పింది మాత్రం ఏమీ లేదు. బయట హైడ్రా ముందు ఇంకొకడు రాడ్లు పట్టుకుని నడుస్తూనే ఉన్నాడు.

బంద్ రోజు దెబ్బ అనగానే బస్తీ లాఠీ అనే అనుకుంది, సైటు వాళ్ల తప్పు దాని వెనక దాగిపోయింది. నిజం ఆసుపత్రి గది దాటి ఉండకపోవచ్చు. దాన్ని అక్కడి దాకా తెచ్చినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను. బంద్ రోజు తార్నాక నుంచి ఆటో తోలిన అన్నకు. మా బామ్మర్ది మాట విన్నాక వాదించకుండా, పోలీసులు వచ్చేదాకా మంచం పక్కనే నిలబడ్డ ఆ విద్యార్థులకు. తాను ఆ రోజు రాలేదని, తన సీట్లో వేరేవాణ్ని ఎక్కించారని వచ్చి చెప్పిన ఆపరేటర్‌కు. ఏడుస్తూ, "నాకు రాదని చెప్పిన" అని పోలీసుల ముందు ఒప్పుకున్న ట్రాక్టర్ డ్రైవర్‌కు. పేరుపేరునా దండం పెట్టాలి. అందరి పేర్లూ నాకు తెలుసు. ఆపరేటర్, డ్రైవర్ ఇంకా సైట్లలోనే బతుకుతున్నారు. నిజం చెప్పినవాళ్లని తెలిస్తే రేపు వాళ్లను పనికి పిలవరు. అందుకే ఎవరి పేరూ రాయడం లేదు.