ఫోనులో బూందీ సాక్ష్యం

కర్నూలు పాత ఊళ్లో పూజాసామాన్ల అంగడి నడిపిన తిరుమలయ్య, దేవుని పేరు ముందు పెట్టకుండా చాకలిపద్దు కూడా రాసేవాడు కాదు. రెండువేల ఎనిమిదిలో సెల్‌ఫోను కొన్నాక ఆ అలవాటు అందులోకీ దిగింది. అందులో ఏ ఫైలుకైనా గణపతి, వేంకటేశ్వరుడు, మహానందీశ్వరుడు, వాసవీమాత వరుసగా వచ్చిన తర్వాతే అసలు పేరు. బటన్లు నొక్కి నొక్కి ఒక్కో పేరు రాయడానికి పావుగంట పట్టేది. పెళ్లిపత్రికకున్న మర్యాద ఫైలుకు ఎందుకుండకూడదని అడిగేవాడు.

ఆ ఫోను ఒకనాడు మొండికేసింది. కల్లూరులో రిపేరు చేసే నాగరాజ్ చూసి, సాఫ్టువేరు మళ్లీ ఎక్కించాలనీ, లోపలున్నదంతా పోతుందనీ, కావలసినవి ముందే కంప్యూటర్లోకి దించుకోమనీ చెప్పాడు.

తిరుమలయ్యకు కావలసింది ఒక్కటే. ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఆయన పెళ్లిలో బూందీ చాలలేదు. ఆడపెళ్లివారి పిసినారితనమని ఆయన, చెప్పినదానికి రెట్టింపు జనాన్ని తెచ్చారని భార్య సుందరలక్ష్మి. ఆ వాదులాటతోనే కాపురం సాగింది. అలాంటిది కిందటి నెలలో ఆమె తప్పు ఒప్పుకుంది. ఆ మాటను ఆయన ఫోనులో పట్టేశాడు. ఆదివారం కడప నుంచి బామ్మర్ది తేజేశ్వర్ వస్తున్నాడు. అతని చెవిన పడకపోతే అది గెలుపే కాదు.

పక్కవాటా వాణ్ణి కాబట్టి ఆ రోజు వినడానికి నన్నూ పిలిచాడు. నేను వెళ్లేసరికి కూతురు శ్రీవిద్య కంప్యూటరు ముందు తంటాలు పడుతోంది. వైరు మార్చింది, కంప్యూటరును రెండుసార్లు ఆపి మళ్లీ వేసింది. భజనపాటలన్నీ దిగాయి, ఆ ఒక్కటే దిగనంటోంది. చివరికి తెరమీది మాట చదివి తండ్రి వైపు తిరిగింది.

"పేరు మరీ పొడుగైంది నాయనా. దేవుళ్లను కొంచెం తగ్గించల్ల."

"యా దేవున్ని తీసేయమంటావో నువ్వే చెప్పు."

 ఆ పిల్ల, కంప్యూటర్లో ఆయన పెట్టించిన ఫోల్డరుకూ అంతే పొడుగు పేరుంది కదా, ఫైలును దాంట్లో కాకుండా బయట పెడదామంది. దేవుని గూట్లో పెట్టవలసింది వసారాలో పెడతావా అని ఆయన కసిరాడు. ఇంతలో తేజేశ్వర్ రానూ వచ్చాడు, సంగతి విని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

కాఫీ తెచ్చిన సుందరలక్ష్మి తెరవైపు తొంగి చూసింది. దేవుళ్ల వెనక 'సుందరలక్ష్మి బూందీ విషయమున తప్పు ఒప్పుకొనుట' అని ఉంది.

"దేవుళ్లను ముట్టుకోవాకండి. ఎనకుండే నా ముచ్చట తీసేయండి, సరిపోతాది."

అంత నిమ్మళంగా చెబితే తిరుమలయ్యకు అనుమానం రావలసింది. కానీ కాదనడానికి దారి లేదు. పేరులో దేవుళ్లు మాత్రమే మిగిలారు, ఫైలు చక్కగా దిగింది.

అంగడిలో భజనలకు వాడే పెద్ద స్పీకర్లు తెప్పించి తగిలించాడు. ఫోనులో గొణుగుడులా వినిపించే గొంతు ఇల్లంతా మోగింది.

"సరేలెండి, మావోళ్లదే తప్పు. బూందీ తక్కువే చేయించినారు."

తిరుమలయ్య బామ్మర్ది తొడమీద చరిచాడు. ఫోనులో ఎప్పుడూ అక్కడికే ఆపేసి మురిసిపోయేవాడు. స్పీకర్లు మాత్రం ఆగలేదు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు, ఆపైన అదే గొంతు కొంచెం తగ్గి:

"ఇట్లంటే గానీ మీ నాయన బీపీ బిళ్ల మింగడు శ్రీవిద్యా."

వెంటనే స్పీకర్లలో తిరుమలయ్య బిళ్ల మింగిన గుటక, గుటుక్కుమని.

తేజేశ్వర్‌కు కాఫీ పొలమారింది. శ్రీవిద్య బల్లకింద ఏదో పడినట్టు వెతుకుతూ కూర్చుంది. తిరుమలయ్య ఎవరినీ చూడకుండా, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బూందీ తక్కువైన మాట నిజమే కదా అన్నాడు.

"అట్లయితే మీ తట్టు నుంచి లారీలో ఎంతమంది దిగినారో ఆ మాటా చెప్పండి," అంటూ సుందరలక్ష్మి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

ఆయన వేళ్లు మడుస్తూ మేనత్తల దగ్గర మొదలుపెట్టాడు.