విఠల్ చుట్టు నాది కాదు

1974 వేసవి. బాన్సువాడ బస్టాండు నుంచి బజారుకు వెళ్లే దారిలో ఒక బట్టల దుకాణం అరుగు మీద కూర్చుని పని చేసేవాణ్ణి. నాది దుకాణం అనడానికి లేదు. కింద గోనెపట్టా, ముందు చెక్కపెట్టె, ఎండకు అడ్డంగా కట్టిన పాత ధోవతి. అంతే. పూసలు గుచ్చడం, తెగిన దండలు మళ్లీ అల్లడం, రాళ్లకు తీగ చుట్టి మెడలో వేసుకునేలా చేయడం నా పని. అప్పటికి నాకు ముప్పై దాటాయి.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల రాళ్ల పని చేసేవాళ్లు ఒక రకం అల్లికను ‘విఠల్ చుట్టు’ అంటున్నారు. బోధన్ నుంచి కూడా వచ్చి నేర్చుకుని పోయినవాళ్లున్నారు. ఆ పేరు సరైనది కాదు. ఆ అల్లిక నాకెలా వచ్చిందో, దానికి ముందు నేనేం చేశానో రాయాలని కూర్చున్నాను.

మొదట పని గురించి కొంచెం చెప్పాలి. రాయిని ఒంటి మీద వేలాడదీయడానికి రెండు దారులున్నాయి. బెజ్జం వేసి దారం గుచ్చడం ఒకటి. బెజ్జం లేకుండా తీగతో పట్టి ఉంచడం రెండోది. రెండోదాన్నే మేము చుట్టు అంటాం. తీగ మందాన్ని గేజ్ అంటారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. చుట్టు పూర్తయ్యాక మిగిలిన కొనను రౌండ్ నోస్ ప్లయర్‌తో, అంటే మూతి గుండ్రంగా ఉండే పట్టకారుతో, మలిచి రాయి వెనక్కి దాచేస్తాం. కొనేవాళ్లు చూసేది ముందువైపే. వెనకవైపు రవికె మీదో చొక్కా మీదో ఆనుతుంది కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు. మా నాయన నాకు అలాగే నేర్పాడు. నేను మరోలా ఆలోచించలేదు.

ఆ వేసవిలో నస్రుల్లాబాద్ వైపు నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. అత్త రాజవ్వ. కోడలు గంగమణి, చంకలో తొమ్మిది నెలల మగపిల్లవాడు. రాజవ్వ కొంగు ముడి విప్పి నా పెట్టె మీద ఒక స్ఫటికం పెట్టింది. బొటనవేలి కణుపంత ఉంటుంది. పలకలు పలకలుగా, ఒక కొసన మాత్రం పాలు కలిసినట్టు తెల్లగా ఉంది.

“విఠల్, గీ రాయిని నా మనుమని మొలతాడుకు కట్టాలె. బొక్క మాత్రం పెట్టొద్దు.”

“బొక్క లేకుంటె కష్టమవ్వా. నున్నగున్నది, జారుతది.”

“గందుకే గద నీ తాన్కి వచ్చింది. అల్కటి పనైతె నేనే కట్టుకుందును.”

సంగతి ఆమే చెప్పింది. కొడుకు సాయిలు బావులు తవ్వే పనికి పోతాడు. ఒక బావిలో ఎంత తవ్వినా బండే వచ్చిందట. చివరికి నీళ్లు పడిన రోజే పిల్లవాడు పుట్టాడు. ఆ బండ పగిలినప్పుడే ఈ స్ఫటికం బయటపడింది. అంతకుముందు గంగమణికి ఇద్దరు పుట్టి పోయారు. అందుకే పుట్టు వెంట్రుకలు తీసేదాకా ఈ రాయి పిల్లవాడి ఒంటి మీదే ఉండాలని రాజవ్వ మొక్కుకుంది. రాయి నిండుగా ఉండాలి, బెజ్జం పడితే మొక్కు చెల్లదని ఆమె పట్టు.

“పేరేం పెట్టిండ్రు?” అని అడిగాను.

“పెంటయ్య. మంచి పేరు పెడితె అందరి కండ్లు వీని మీదనే పడ్తయి. పెంట మీద దొరికిన పోరడంటె ఎవ్వడు చూస్తడు?” అంది రాజవ్వ. పెంటయ్య అప్పటికే నా దారపు ఉండను నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

ఇరవై రెండో గేజ్ వెండితీగను రెండు వైపుల నుంచి అడ్డంగా పట్టి, పైన మొలతాడు దూరేలా ఒక వంకీ తీశాను. నా కంటికి చాలా అందంగా వచ్చింది. గంగమణి మాత్రం దాన్ని తిప్పి వెనకవైపు చూసింది.

“అన్నా, గీ కొన పిల్లగానికి గుచ్చుకోదా?”

“మా నాయన కాలం సంది గిట్లనే కడుతున్నం చెల్లె. ఫికర్ చెయ్యకు.”

ఆమె అడిగిన మాట నా చెవికి చేరింది కానీ తలకెక్కలేదు. పసిపిల్లవాడి నడుము మీద చొక్కా ఉండదు. వాడు బోర్లా పడతాడు, దొర్లుతాడు, పాకుతాడు. వాడి ఒంటి మీద రాయికి ముందూ వెనకా ఏముంటుంది?

కొన్నాళ్లకు, సంత రోజున, ఇద్దరూ మళ్లీ వచ్చారు. పిల్లవాడి తుంటి మీద గీరుకుని చీము పట్టింది. ఒళ్లు కాలుతోంది. రాజవ్వ అరుగు ముందు నిలబడి గొంతెత్తింది.

“ఏం కట్టినవ్ రా? గిది రాయా, తుమ్మ ముల్లా?”

సంతకు వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. నేను రాయి చేతిలోకి తీసుకున్నాను. మలిచిన కొన లేచి నిలబడి ఉంది. నా వేలికే గుచ్చుకుంది. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. ఇంతమందిలో పని చెడ్డదని పేరు పడితే ఇక నా పెట్టె ముందు ఎవరూ కూర్చోరు. బొటనవేలి గోరుతో ఆ కొనను లోపలికి నొక్కేశాను. తర్వాత రాయిని పక్కవాళ్ల చేతికిచ్చాను.

“చూడుండ్రి, నున్నగ లేదా? మొలతాడు బిగ్గ కట్టిండ్రు. పిల్లగాడు పొర్లితె ఒత్తుకున్నది. తల్లి జర చూసుకోవాలె గద.”

వాళ్లు వేళ్లతో తడిమి, నున్నగానే ఉందన్నారు. రాజవ్వ కోపమంతా కోడలి మీదికి మళ్లింది.

“ఇద్దర్ని పోగొట్టుకున్నవ్. వీన్ని గూడ చూసుకోరాదా? ఇగ పాలప్పుడే నీ చేతికి. రాత్రి నా పక్కల పంటడు.”

గంగమణి నా బొటనవేలి వంక చూసింది.

వారం గడిచాక ఆమె దవాఖాన నుంచి ఒంటరిగా వచ్చింది. పుండు మానుతోందని, మందు కోసం వచ్చానని, మానేదాకా రాయి విప్పి ఉంచమని అత్తే అందని చెప్పింది. తర్వాత కొంగులోంచి రాయి, నూలు దారం, ఒక చిన్న వెదురు సూది తీసి నా పెట్టె మీద పెట్టింది.

“నువ్వు నొక్కింది నేను చూసిన అన్నా.”

నేను చేతిలోని పట్టకారు కింద పెట్టాను.

“లొల్లి చేద్దామనుకున్న. చేస్తె ఏమొస్తది? ఇంకో పొద్దు ఇంకోడు గట్లనే కడ్తడు. తీగ ఇప్పు. మా నాయన వలలు అల్లుతడు, నిజాంసాగర్ కాడ. రాయికి వల కడదాం.”

తీగ విప్పాను. ఆమె దారంతో కింద చిన్న వలయం వేసి, దాని చుట్టూ ముడి మీద ముడి వేస్తూ రాయి చుట్టూ సంచిలా అల్లింది. కానీ ఆమె దారం మోటుది. కళ్లు, అంటే ముడికీ ముడికీ మధ్య ఖాళీలు, పెద్దవయ్యాయి. రాయి జారి నా ఒళ్లో పడింది.

“చేప చిన్నదైంది,” అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

నా దగ్గర పట్టుదారం ఉంది. దానికి తేనెమైనం రాసి ఇచ్చాను. వల కంటి కొలతకు వాళ్ల నాయన వెదురుబద్ద వాడతాడని ఆమె చెప్పింది. మేము అగ్గిపుల్ల వాడాం. కళ్లు చిన్నవై, ముడులు సరిగ్గా రాయి అంచుల మీద కూర్చున్నాయి. పలకలు మూసుకుపోకుండా మెరుస్తున్నాయి. చివరి దారాన్ని లోపలికి దూర్చి మైనంతో అంటించడం నా పని. అయ్యాక ఆమె కళ్లు మూసుకుని, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని రాయిని అన్ని వైపులా తన కనురెప్ప మీద రుద్దుకుంది.

“ఇప్పుడు వెనక లేదు,” అంది.

వెళ్లబోతూ ఆగింది. “ఒక్కటే అడుగుత. తప్పు తీగదని మా అత్తకు చెప్పు. పోరడు రాత్రి లేచి నా కోసం ఏడుస్తుంటె గోడ అవతల పండుకొని ఇంటున్న.”

“చెప్త చెల్లె,” అన్నాను.

చెప్పలేదు. రాజవ్వ సంతకు వచ్చిన ప్రతిసారీ పూసల మీదికి తల వంచుకున్నాను. రేపు చెబుదాం, జనం లేనప్పుడు చెబుదాం అనుకుంటూ నెలకు పైగా గడిపేశాను. ఆ రాత్రులన్నీ ఆ తల్లివి. నా జీవితంలో తిరిగి ఇవ్వలేనివి ఏమైనా ఉంటే అవే.

పదకొండో నెలలో పుట్టు వెంట్రుకలు పెట్టుకున్నారు. కట్టిన చేతితోనే రాయి విప్పాలని రాజవ్వ నాకు కబురు పంపింది. సైకిల్ మీద పోయాను. వాకిట్లో చుట్టాలున్నారు. మేనమామ చాప మీద కూర్చున్నాడు. పెంటయ్య నాయనమ్మ చంకలో ఉన్నాడు. గంగమణి దూరంగా నీళ్ల బిందె దగ్గర నిలబడింది. నేను రాయి మీద చెయ్యి వేసి, విప్పకుండా ఆగాను.

“అవ్వా, ఆ పొద్దు గీరుకున్నది నా తీగనే. కొన లేచి ఉండె. అందరు చూస్తరని గోరుతోటి నొక్కిన. నీ కోడలు ముందే అడిగింది, నేనే ఇనలే. గీ వల గూడ ఆమె అల్లిందే.”

రాజవ్వ పిల్లవాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

“గీ మాట ఆ దినమే చెప్తె నీ నోట్లెకెల్లి ముత్యాలు రాలుతుండెనా?”

“భయపడ్డనవ్వా.”

“నీ భయానికి దీన్ని ఎన్ని మాటలన్ననో నీకెరుకనా?” అని, గిర్రున తిరిగింది. “ఏయ్ పిల్లా, గా బిందె ఆడ పెట్టి ఇటు రా. పట్టుకో నీ కొడుకును. ఇయ్యాల్టి సంది నీ పక్కలనే పండుకోని. రాత్రంత తన్నుడే తన్నుడు, నా నడుము పొయ్యింది.”

చుట్టాలు నవ్వారు. గంగమణి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి పిల్లవాణ్ణి అందుకుంది. వాడు వలలో ఉన్న రాయిని పిడికిట పట్టి ఎంతకీ వదలలేదు. మంగలి కత్తి పట్టుకుని, మేనమామ ఒడి చాపుకుని ఎదురుచూశారు. ఆమె మాత్రం తొందరపడలేదు.

ఆ ఇంట్లో నిజం చెప్పాను కానీ బజారులో చెప్పలేదు. వల చుట్టు చూసి జనం అడగసాగారు. స్ఫటికాలకు, అకీక్ అనే రంగురాళ్లకు, పగడాలకు అదే అల్లాను. అరుగు పోయి సొంత దుకాణం వచ్చింది. ఎవరో ‘విఠల్ చుట్టు’ అన్నారు, నేను కాదనలేదు.

ఈ మధ్య గంగమణి వచ్చింది. వెంట పెంటయ్య, ఇప్పుడు బడికి పోతున్నాడు. దారం పాతబడింది, రాయికి కొత్త వల కావాలట. నేను అల్లుతుంటే ఎవరో వచ్చి తనకూ ఒక విఠల్ చుట్టు కావాలన్నారు. గంగమణి నవ్వింది.

“నీ పేరే పెట్టుకున్నవా అన్నా?”

“నేను పెట్టలే. వాళ్లే పెట్టిండ్రు.”

“నువ్వు వద్దన్నవా?”

అనలేదు. ఇప్పుడు అంటున్నాను. అది గంగమణి చుట్టు. దుకాణానికి వచ్చినవాళ్లకు అలాగే చెబుతున్నాను, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు మొదటి ముడి వేయకముందే చెబుతున్నాను.

పని పూర్తయ్యాక ఏ రాయినైనా కళ్లు మూసుకుని కనురెప్ప మీద రుద్దుకుంటాను. మొన్న ఒకాయన ఆశ్చర్యపోయి, “కండ్లు మూసి ఏం చూస్తున్నవ్ విఠలన్నా?” అని అడిగాడు.

“వెనకదిక్కు,” అన్నాను.