చాత్తు గొంతు

కణ్ణూరు దగ్గరి బీడీల షెడ్డులో చాత్తు పెళ్లికి ముందు నుంచీ పేపరు చదివేవాడు. ఆయన చదువుతున్నంతసేపూ మిగతావాళ్లు ఆయన వంతు బీడీలు కూడా చుట్టేవారు. గొంతులో పుండు లేచింది, కోసి తీసేయాలి, ఇక మాట రాదని డాక్టరు చెప్పినప్పుడు ఆయనకు ప్రాణం మీద కన్నా పేపరు మీదే బెంగ పట్టుకుంది. చదివే మనిషి లేకపోతే మేస్త్రీ రేడియో పెట్టిస్తానన్నాడు. రేడియో అడిగితే మళ్లీ చెప్పదు, వాదిస్తే ఆగదు.

షెడ్డులో పదో తరగతి చదివింది రోహిణి ఒక్కతే. పేపరు చేతికిస్తే మాత్రం ఆమె గొంతు ఒళ్లోని పొగాకు చేటలోకి దిగిపోయేది.

"ఎవరికి చెప్తున్నావే, పొగాక్కా?" అన్నాడు మూలనున్న పొక్కన్. షెడ్డంతా నవ్వింది.

"నోర్మూసుకుని చుట్టరా. నీ బీడీ కన్నా ఆ పిల్ల మాటే గట్టిగా ఉంది," అన్నాడు చాత్తు.

పని దిగాక ఆమెను కూర్చోబెట్టాడు. "కామా దగ్గర ఆకు మడువు బిడ్డా. వాక్యం అయ్యాక దారం కట్టు. కట్టకపోతే పొగాకు రాలిపోదూ? మాటా అంతే."

"భయం ఏట్టా. అందరూ నా మొహమే చూస్తారు," అంది రోహిణి. అన్నను అక్కడ ఏట్టా అనే పిలుస్తారు.

"చూడరు. కత్తెర పట్టుకుని ఆకు మీంచి చూపు తీస్తే వేలు తెగుతుంది. నీకు చెవులొక్కటే ఇస్తారు."

ఆస్పత్రికి వెళ్లే ముందురోజు ఆమెనే చదవమన్నాడు. రెండు వార్తలు కాకముందే పేపరు పడేసి పెరట్లోకి పరుగెత్తింది. మిగిలింది చాత్తే బొంగురుగా చదివాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నోట మళ్లీ మాట రాలేదు.

వానలు తగ్గాక మెడకు గుడ్డ చుట్టుకుని తిరిగొచ్చాడు. లోపల రోహిణి పడవ ప్రమాదం వార్త చదువుతోంది. బతికిన సరంగు మాటల దగ్గర గొంతు తగ్గించింది. ఒక్కో కత్తెరే ఆగిపోయింది.

పొక్కన్ ముక్కు తుడుచుకున్నాడు. "మీరెళ్లిన మర్నాడే మేస్త్రీ రేడియో తెచ్చాడేట్టా. ఇది దాని పక్కనే నిలబడి అరిచి చదివింది. చివరికి ఆయనే కట్టేశాడు!"

రోహిణి దగ్గరికొచ్చింది. "తప్పుంటే చెప్పండి ఏట్టా. దాచొద్దు."

తప్పుంది. చనిపోయినవాళ్ల పేర్లు గబగబా చదివేసింది. ఒక్కో పేరు తర్వాత ఊపిరి తీసుకునేంతసేపు ఆగాలి. అది నేర్పేలోపే ఆస్పత్రికెళ్లే రోజు వచ్చేసింది. సైగలతో చెప్పబోయి చేయెత్తాడు. ఒకప్పుడు ఆమెను చూసి నవ్విన షెడ్డంతా ఆ చేతినే చూస్తోంది.

ఆయన చేయి దించాడు. ఏ తప్పూ లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, వెళ్లి తన చోట కూర్చున్నాడు.