అత్తమ్మ చెప్పని ‘ఓవర్’

ట్రంకు కాల్ కోసం పూటంతా కాచుకుని, చివరికి "హలో, హలో" తప్ప ఏమీ వినబడక ఇంటికొచ్చే ఆ రోజుల్లో, హన్మకొండలో మా అక్కవాళ్ల డాబా మీద ఒక పొడుగాటి తీగ కట్టి ఉండేది. అది మా బావ హామ్ రేడియోకు ఏరియల్. (మా అక్కకు మాత్రం దేవుడిచ్చిన దండెం. ఎన్నిసార్లు మొత్తుకున్నా చీరలు దానిమీదే ఆరేసేది.) బావ గదిలో కూర్చుని ఏ దేశం మనిషితోనో ముచ్చట పెడుతుంటే నోరు తెరుచుకుని చూసీ చూసీ, పట్టుబట్టి పరీక్ష రాసి నేనూ లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పటికి బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. క్లాసులో గలగలా పాఠం చెప్పేదాన్ని, మైకు పట్టుకుంటే మాత్రం చెమటలే.

ఆ ఏడు అడవిలో జరిగే పెద్ద జాతరకు మా రేడియో క్లబ్బు వాలంటీర్లుగా వెళ్లింది. అమ్మవార్ల గద్దెల దగ్గర, తప్పిపోయినవాళ్ల డేరాలో ఒక సెట్టుతో నేను, వాగు అవతల ఇంకో సెట్టుతో బావ. "ఏం ఫికర్ పడకు. బటన్ ఒత్తి మాట్లాడు, ఇడిచి ఇను. మాట అయిపోంగనే ఓవర్ అను, గంతే," అని చెప్పి వెళ్లాడు. డేరాలో పొద్దుటినుంచీ పరకాల వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. బండి దిగి, అమ్మవార్లకు బెల్లం కొనబోయి జనంలో తప్పిపోయిందట. "ఆ డబ్బతోని మాట్లాడుతవేంది బిడ్డా! జర లేచి నా బండి దేవులాడు. కోడలికి నెలలు నిండినయ్," అని నన్ను కసిరింది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి బావ గొంతు వచ్చింది. "ఈడ బండిల ఒక పిల్లకు నొప్పులొస్తానయ్. జనంల బండి కదుల్తలేదు. చుట్టు ఆడోళ్లున్నా, ‘మా అత్త వచ్చేదాంక నన్నెవ్వలు ముట్టద్దు’ అని ఒర్లుతాంది. డాక్టరును తోలుండ్రి. ఓవర్."

జీపు కదిలే దారి లేక పక్క డేరాలోని డాక్టరు గారు, నర్సమ్మను నా దగ్గర ఉంచి, సంచీ పట్టుకుని నడిచే బయల్దేరారు. ఆయన జనాన్ని తోసుకుని వాగు చేరేదెప్పుడు? ఇంతలో ముసలమ్మ దిగ్గున లేచింది. బావ మాటల వెనక వినిపించిన ఏడుపును ఆమె గుర్తుపట్టింది. "అది నా కోడలే!"

మైకు ఆమె నోటి దగ్గర పెట్టి బటన్ ఒత్తాను. (లైసెన్సు లేనివాళ్లకు మైకు ఇవ్వరాదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.) "బిడ్డా, నేనీడనే ఉన్న! భయపడకు!"

బటన్ వదిలాను. కాసేపు గరగర. తరవాత సన్నగా, "అత్తమ్మా! ఏడున్నవ్? కానొస్తలేవ్!"

"కానరాకుంటే ఏంది? మాట్లాడ్తాన గదా! ఆడున్న అక్కలు చెప్పినట్టు ఇను!"

నా పక్కనున్న నర్సమ్మ ఒక్కో మాట అందిస్తుంటే, ముసలమ్మ దానికి రెండు తిట్లు, నాలుగు బుజ్జగింపులు కలిపి వాగు దాటించింది. ఒక్కసారైనా ‘ఓవర్’ అనలేదు. ఆమె ఊపిరి తీసుకునే సందు చూసి నేనే బటన్ వదిలేదాన్ని. చివరికి అటునుంచి మాట ఆగిపోయింది. సెట్టులో ఉత్త గరగర. ముసలమ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది. డేరాలో ఉన్న తప్పిపోయినవాళ్లంతా తమ సంగతి మరిచి పెట్టె చుట్టూ చేరారు.

అప్పుడు వినిపించింది, పసిగుడ్డు కేక.

"ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నరు," అన్నాడు బావ. జవాబు చెబుదామని బటన్ ఒత్తి, వెక్కి వెక్కి ఏడ్చాను. నేను ఒత్తి ఉన్నంతసేపూ అవతల ఎవరూ మాట్లాడలేరని కూడా తోచలేదు. "ముందుగాల బటన్ ఇడువమ్మా, వాళ్లను మాట్లాడనియ్," అంటూ నర్సమ్మే నా వేలు లాగింది.

ముసలమ్మ కొంగులోని బెల్లం ముక్క తీసి రేడియో మీద పెట్టి దండం పెట్టింది. "దేవుడు కాదమ్మా, ఇవి తరంగాలు..." అని మొదలుపెట్టబోయి, ఆ పెట్టె వైపు చూసి, నేనూ చేతులు జోడించాను.

తరవాత ఎన్నో ఏళ్లు పిల్లలకు తరంగాల పాఠం చెప్పాను, బోర్డు మీద బొమ్మలు గీసి, లెక్కలు కట్టించి మరీ. కానీ ఆ డేరాలో పెట్టెకు మొక్కుతూ నిలబడ్డ సైన్సు టీచరమ్మ గుర్తొస్తే, ఇక చేతులు దించమని చెప్పడానికి ఇప్పటికీ నాకు మనసు రాదు.