పంచె మీద ఖాళీ తూటాలు

తొంభైల మొదట్లో నేను తెనాలిలో కొత్త ఎస్సైని. నడుముకున్న రివాల్వరుతో నా గురి బాగానే కుదిరేది. దాన్ని తీసుకుని చేతికి పిస్తోలిచ్చారు. దాంతో పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం ఖాయం అన్నారు. తొలిసారి పది గుళ్లలో మూడే గురి అట్టకు తగిలాయి. ఇక మిగిలింది ఒక్క అవకాశమే.

నాకు ముక్కు మీదే కోపం. తప్పంతా పిస్తోలుదేనంటూ, ఆయుధాలు చూసే హెడ్డుగారి దగ్గరికి వెళ్లి ఎగిరాను. ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. నా కేకలన్నీ విని, గుళ్లు తీసేసిన రివాల్వరునూ పిస్తోలునూ బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు.

"రివాల్వరు ట్రిగ్గరు బోరింగు పంపు లాంటిదండి. తూటాను కొట్టే సుత్తిని లేపేదీ వదిలేదీ మీ వేలే. బలంగా, పొడుగ్గా లాగాలి. పిస్తోల్లో సుత్తి ముందే లేచి ఉంటది. మీరు మెల్లగా నొక్కితే చాలు. కాలింగ్‌బెల్లు మీద బోరింగు కొట్టే బలమెందుకండి?"

తుపాకీ గొట్టం చివర ఒక చింతపిక్క పెట్టి, అది పడకుండా నొక్కమన్నాడు. రివాల్వరు మీద నిలవనే లేదు. సుత్తిని బొటనవేలితో ముందే లేపి నొక్కితే నిలిచింది. బలంగా లాగే అలవాటు పోయి పిస్తోలు మీద నిలవడానికి నాకు వారం పట్టింది.

"వేలు దారికొచ్చింది. మరి మెడ సంగతేంటండి?" అన్నాడు ఆ రోజు.

అప్పుడు తెలిసింది. పేల్చిన తూటాల ఖాళీ గొట్టాలు రివాల్వరు కడుపులోనే ఉంటాయి. పిస్తోలు వాటిని కుడివైపుకు విసిరేస్తుంది. మా శాఖలో ఒక్క ఖాళీ తగ్గినా సంజాయిషీ రాసుకోవాలి. ఆ భయంతో నేను ప్రతి గుండుకూ అది ఎక్కడ పడిందోనని తల తిప్పుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండో పరీక్ష బాపట్ల సముద్రం ఒడ్డున ఇసుకలో జరిగింది. హెడ్డుగారు సంచిలోంచి తెల్లని పంచె తీసి నాకు కుడిపక్కన పరిచి, అంచుల మీద ఇసుక పోశాడు.

"అటు చూడకండి సార్. ఆ ఖాళీలు నాయి. మీకు అట్ట ఒక్కటే."

చూడలేదు. తొమ్మిది గుళ్లు తగిలాయి, పరీక్ష నెగ్గాను. ఖాళీలు ఎనిమిది పంచె మీద పడ్డాయి. మిగతా రెండింటి కోసం ఆయన మోకాళ్ల మీద పాకుతూ ఇసుకంతా తవ్వాడు. చివరికి దొరికాయి.

ఆ ఆదివారం తెనాలిలో ఆయన చర్చిలోంచి వస్తూ కనిపించాడు. కట్టుకున్నది ఆ పంచే. ఉతికినా పోని మసి మచ్చలు అంచున కనిపిస్తున్నాయి.

"ఏంటి హెడ్డుగారూ, చర్చికి కట్టుకునే పంచెనా ఇసుకలో పరిచారు?"

"మా ఇంట్లో బాగా తెల్లనిది ఇదొక్కటేనండి. తెలుపు మీదైతే ఖాళీలు ఇట్టే కనపడతయ్యి."

రోజూ ఆయనే నాకు సెల్యూట్ కొట్టేవాడు. ఆ రోజు చర్చి గుమ్మం ముందు, అందరూ చూస్తుండగా, నేను కొట్టాను.